వేసవిలో చేపల తొట్టె: వేడిని తట్టుకునేదెలా?

ఢిల్లీ విమానాశ్రయం నుంచి నగరంలోకి వచ్చే దారిలో ధౌలా కువాన్ అనే ప్రాంతం ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఇక్కడే ఉంది. కాబట్టి ఈ పేరు చాలామంది తెలుగు విద్యార్థులకు తెలిసినదే. హిందీలో ఆ మాటకు 'తెల్లని బావి' అని అర్థం. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న పాలం వాతావరణ కేంద్రంలో 1998 మే 26న 48.4 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. 2024 మే 29న నగరంలోని సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 46.8 డిగ్రీలు నమోదైంది.

ఇంతటి ఎండలోనూ లోతైన బావిలో నీరు చల్లగానే ఉంటుంది. నేలలో కొన్ని మీటర్ల లోతున ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు. అది ఆ ప్రాంతపు సగటు వార్షిక ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. ఢిల్లీలో ఆ సగటు సుమారు 25 డిగ్రీలు. చెరువులోని చేపలు కూడా పైనీరు వేడెక్కితే లోతుకో, నీడ ఉన్న చోటుకో పోతాయి. మేడ మీది గదిలో గాజు తొట్టెలో ఉన్న చేపకు పోయే చోటు లేదు. గది వేడెక్కితే కొన్ని గంటల్లో నీరూ వేడెక్కుతుంది. అందుకే ఏటా మే, జూన్ నెలల్లో ఎన్నో ఇళ్లలో చేపలు ఒక్కసారిగా చనిపోతుంటాయి. దీనికి కారణమేమిటి? నివారించడం ఎలా?

వేడినీటిలో ఊపిరాడదు

చేపలు తమ శరీర ఉష్ణోగ్రతను మనలాగా స్థిరంగా ఉంచుకోలేవు. నీటి ఉష్ణోగ్రతే వాటి శరీర ఉష్ణోగ్రత. నీరు 10 డిగ్రీలు వేడెక్కితే చేప శరీరంలో జీవక్రియల వేగం దాదాపు రెండింతలవుతుంది. అంటే దానికి కావలసిన ఆక్సిజన్ కూడా సుమారు రెండింతలు. కాని నీరు వేడెక్కేకొద్దీ అందులో కరగగలిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 25 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములే కరుగుతుంది. అవసరం పెరుగుతుంటే సరఫరా తగ్గుతోందన్నమాట!

దీనికి తోడు చేపల విసర్జనతో, మిగిలిపోయిన మేతతో నీటిలో అమ్మోనియా చేరుతుంది. ఇందులో కొంత భాగం మాత్రమే విషపూరితమైన రూపంలో ఉంటుంది. నీటి పి.హెచ్. 8 అయితే, 25 డిగ్రీల వద్ద ఆ భాగం 5.4 శాతం. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 శాతానికి పెరుగుతుంది. మేత కుళ్లడం కూడా వేడిలో త్వరగా జరుగుతుంది. ఆ పని చేసే సూక్ష్మజీవులూ ఆక్సిజన్‌నే వాడుకుంటాయి.

తెల్లవారుజామున చేపలన్నీ నీటి పైభాగానికి చేరి నోళ్లు తెరుస్తూ కనబడితే ఆక్సిజన్ చాలడం లేదని గ్రహించాలి. ఆ వేళనే ఎందుకు? పగలు వెలుగు ఉన్నప్పుడు తొట్టెలోని మొక్కలు ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. రాత్రంతా అవి కూడా శ్వాసక్రియలో ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. భీమవరం పరిసరాల్లో రొయ్యల చెరువులపై రాత్రివేళ ఏరేటర్లు తిప్పేది ఇందుకే.

మంచుగడ్డా? ఫ్యానా?

నీరు వేడెక్కగానే చాలామందికి తోచేది మంచుగడ్డ. దాని శక్తి ఎంతో లెక్క వేసి చూద్దాం. రెండడుగుల పొడవున్న మామూలు తొట్టెలో సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీల ఉష్ణం కావాలి. కరిగిన నీరు 30 డిగ్రీలకు చేరడానికి మరో 30 కెలోరీలు. మొత్తం 110. ఈ లెక్కన అరకిలో మంచు 55,000 కెలోరీలను గ్రహిస్తుంది. దీనితో 50 లీటర్ల నీరు 1.1 డిగ్రీలు మాత్రమే చల్లబడుతుంది.

అదే అరలీటరు నీరు ఆవిరైతే? 30 డిగ్రీల వద్ద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీలు కావాలి. ఈ ఉష్ణంలో ఎక్కువ భాగం మిగిలిన నీటి నుంచే వస్తుంది. అంతా నీటి నుంచే వచ్చిందనుకుంటే 50 లీటర్ల నీరు 5.8 డిగ్రీలు చల్లబడాలి. అంటే మంచు కంటే ఐదు రెట్లు ఎక్కువ! మట్టికుండలో నీరు చల్లబడేదీ, వట్టివేళ్ల తడికల మీదుగా వచ్చే గాలి హాయిగా ఉండేదీ ఈ సూత్రం వల్లనే.

కనుక తొట్టె మూత తీసి, నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాన్ గాలి వీచేలా అమర్చడం చవకైన, మంచి ఉపాయం. చేపలు బయటికి దూకకుండా పైన వల కప్పాలి. ఫ్యాన్ నీటిలో పడకుండా గట్టిగా బిగించాలి. తీగ వెంట నీటి చుక్కలు ప్లగ్గు వరకు జారకుండా, తీగను ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదలాలి. తొట్టెలో చేయి పెట్టే ముందు స్విచ్ ఆపాలి.

మే నెల వేరు, జూలై వేరు

ఫ్యాన్ ఎంత చల్లబరచగలదనేది గాలిలోని తేమను బట్టి ఉంటుంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలికి పెడితే అది చూపేది తడి బల్బు ఉష్ణోగ్రత. ఆవిరి కావడం ద్వారా నీరు ఇంతకంటే చల్లబడలేదు. మే నెలలో ఢిల్లీలో లూ వీచేటప్పుడు గాలి 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నాయనుకోండి. అప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు 24 డిగ్రీలే. చుట్టూ ఉన్న గాలి, గాజు గోడలు, దీపం వేడినిస్తూనే ఉంటాయి కాబట్టి తొట్టె నీరు అంత కిందికి దిగదు. అయినా మూడు నాలుగు డిగ్రీల తగ్గుదల సాధ్యమే.

జూలైలో వానలు మొదలయ్యాక గాలి 34 డిగ్రీలు, తేమ 75 శాతం అయితే తడి బల్బు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. ఎండ తగ్గినట్టే ఉంటుంది కాని ఫ్యాన్ బలం కూడా తగ్గిపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో వేసవిలోనే ఈ పరిస్థితి ఉంటుంది. రామగుండం, నిజామాబాద్ వంటి పొడి ప్రాంతాల్లో ఫ్యాన్ బాగా పనిచేస్తుంది. తేమ ఎక్కువగా ఉన్నచోట తొట్టెను గదిలో అన్నిటికంటే చల్లని మూలకు మార్చాలి. చేపల సంఖ్య తగ్గించాలి. గాలి పంపు ఆగకుండా చూడాలి. పంపు వదిలే బుడగల కంటే, అవి నీటి ఉపరితలాన్ని కదిలించడమే ఎక్కువ ఆక్సిజన్‌ను చేరుస్తుంది.

జాగ్రత్తలు

మంచు తప్పనిసరైతే గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో నీరు గడ్డకట్టించి తొట్టెలో తేలనివ్వాలి. ఉష్ణోగ్రత గంటకు ఒక డిగ్రీకి మించి తగ్గకూడదు. హఠాత్తుగా వచ్చే మార్పు కూడా చేపలకు ప్రమాదమే.

ఆవిరైన నీటికి బదులు నీరు పోయాలి. మిద్దె మీది నల్లని ప్లాస్టిక్ ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీరు తొట్టె నీటికంటే వేడిగా ఉండవచ్చు. అందులో క్లోరిన్ కూడా ఉంటుంది. ఆ నీటిని బకెట్‌లో పట్టి ఒకరోజు నీడన ఉంచి వాడాలి. నీరు మాత్రమే ఆవిరవుతుంది. లవణాలు తొట్టెలోనే మిగిలిపోతాయి. అందుకే వారానికోసారి నాలుగోవంతు నీటిని తీసి మార్చాలి.

మేత తగ్గించాలి. కిటికీ ఎండ పడనీయకూడదు. దీపాన్ని తక్కువసేపు వెలిగించాలి. కరెంటు పోతే మగ్గుతో తొట్టె నీటినే తీసి కాస్త ఎత్తునుంచి మళ్లీ తొట్టెలోనే పోస్తూ ఉండాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఉంటే మరీ మంచిది.

ఏ చేప పెంచాలి?

గోల్డ్‌ఫిష్ చల్లని నీటిని ఇష్టపడే చేప. 18-24 డిగ్రీలు దానికి హాయి. గుప్పీ, మోలీ అంతకంటే వెచ్చని నీటిలో బాగానే ఉంటాయి. గౌరామి, ఫైటర్ చేపలకు నీటి పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకునే ప్రత్యేక అవయవం ఉంది. మన చెరువుల్లోని కొరమీనుకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. వేసవిలో నీరు తగ్గిన గుంటల్లో అది బతికి ఉండేది అందువల్లనే. ఇరుకు మూతి ఉన్న గుండ్రని గాజు గిన్నె వేసవికి బొత్తిగా పనికిరాదు. అందులో నీరు తక్కువ, గాలి తగిలే ఉపరితలం ఇంకా తక్కువ.

మీరే చేసి చూడండి

ఒకే రకమైన రెండు వెడల్పాటి గిన్నెల్లో రెండేసి లీటర్ల నీరు పోయండి. ఒకదాని మీద ఫ్యాన్ గాలి తగలనివ్వండి. రెండోదాన్ని గాలి తగలని చోట, అదే గదిలో ఉంచండి. ఉదయం నుంచి సాయంత్రం వరకు రెండు గంటలకోసారి రెండింటి ఉష్ణోగ్రతలు, గది ఉష్ణోగ్రత, తడి బల్బు ఉష్ణోగ్రత రాసుకోండి. మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక మరోసారి ఈ ప్రయోగం చేసి గ్రాఫు గీయండి. మీ ఊరి వేసవిలో మీ తొట్టెకు ఫ్యాన్ చాలుతుందో లేదో ఆ గ్రాఫే చెబుతుంది. కొత్త చేపలు కొనే ముందే ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.