జెద్దా అంటే నాయనమ్మా, సముద్రతీరమా?

జెద్దాలో పెరిగిన మన తెలుగు పిల్లల్లో చాలామంది పన్నెండో తరగతి దాకా ఇక్కడే సీబీఎస్‌ఈ సిలబస్ చదివి, డిగ్రీకో ఇంజనీరింగ్‌కో హైదరాబాద్ వైపు వెళ్తారు. మార్కులకు లోటుండదు. కానీ "రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెబుతున్నాయి, నువ్వేమంటావు?" అని అడిగితే చాలామందికి పెన్ను కదలదు. అప్పటిదాకా పుస్తకమంటే జవాబు దొరికే చోటు. డిగ్రీలో ఆ పుస్తకాన్నే ప్రశ్నించాల్సి వస్తుంది.

ఆ విద్యకు వాళ్లు పెరిగిన ఊరి పేరే మంచి పాఠం.

అరబ్బీలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు. అందువల్ల ఈ ఊరి పేరును జిద్దా, జద్దా, జుద్దా అని మూడు రకాలుగా చదవొచ్చు. 'జద్దా' అంటే నాయనమ్మ లేదా అమ్మమ్మ. ఆదిమాత హవ్వ సమాధి ఇక్కడ ఉంది కాబట్టి ఆ పేరొచ్చిందని జనం చెప్పుకుంటారు. 'జుద్దా' అంటే సముద్రతీరం. ఎర్రసముద్రపు రేవుకు అదీ సరిపోయే పేరే.

ఏది నచ్చితే అది పట్టుకోకుండా, పాత సాక్షుల్ని చూద్దాం. 1183లో వచ్చిన యాత్రికుడు ఇబ్న్ జుబైర్ ఇక్కడొక ఎత్తైన పాత గుమ్మటం గురించి రాశాడు. మక్కా వెళ్తూ హవ్వ బస చేసిన చోటు అదేనని అంటారన్నాడు. సమాధి అనలేదు. పైగా 'అంటారు' అని జాగ్రత్తపడ్డాడు. 1853లో రిచర్డ్ బర్టన్ వచ్చేనాటికి హవ్వ సమాధి అంటూ పొడవాటి కట్టడం చూపించేవారు. అతను అడుగులతో కొలిచాడు. తల నుంచి నడుముకు 120, నడుము నుంచి మడమలకు 80. దానిమీద ఒక జోకు కూడా వేశాడు. ఆ జోకు వదిలేసినా మనకు నష్టం లేదు, కొలత మిగులుతుంది. విమర్శ అంటే నమ్మేవాళ్లను వెక్కిరించడం కాదు. విన్నదాన్ని విన్నట్టు, కొలిచినదాన్ని కొలిచినట్టు విడివిడిగా చెప్పడం.

మన సాహిత్యంలోనూ ఇలాంటిదే ఉంది. తొలి తెలుగు కథ గురజాడ 'దిద్దుబాటు', 1910. ఇది పరీక్షల్లో రాసీ రాసీ అరిగిపోయిన వాక్యం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902 నాటిది. అయితే తేదీ మార్చేస్తే పని అయిపోయినట్టు కాదు. 'తొలి' అంటే కాలంలో ముందా, ఆధునిక లక్షణాల్లో ముందా? ఆ లక్షణాలు నిర్ణయించింది ఎవరు? ఒక స్త్రీ రాసిన కథ ఆ లెక్కలోకి చాలాకాలం ఎందుకు రాలేదు? మంచి ఆన్సర్ షీటు ఇక్కడే మొదలవుతుంది.

డిగ్రీ చదివే పిల్లలు వారానికి ఒక్క వ్యాసం ఇలా చదివితే చాలు. ముందు రచయిత వాదాన్ని అతను ఒప్పుకునేలా సొంతమాటల్లో నాలుగు వాక్యాలు రాయండి. తర్వాత పెన్సిల్‌తో మార్జిన్‌లో మూడు ప్రశ్నలు వేయండి. ఈ మాట ఎవరన్నారు? వాళ్లకెలా తెలిసింది? వేరేగా చెప్పినవాళ్లు ఉన్నారా? జవాబు దొరకని చోట ఖాళీగా వదలండి. లైబ్రరీకి వెళ్లినప్పుడు ముందు వెతకాల్సింది ఆ ఖాళీలకే.