మూలమూ టీకా ఒకే పుటలో

కొండవీటి ప్రభువు కుమారగిరి రెడ్డి (1386–1402) సోదరికి భర్త, ఆయనకు మంత్రి అయిన కాటయ వేముడు కాళిదాసుని మూడు నాటకాలకు సంస్కృతంలో వ్యాఖ్యానం రచించి, దానికి తన రాజు పేరిట కుమారగిరిరాజీయమని నామకరణం చేసినాడు. ఉర్దూ సాహిత్యం చదివే మన మిత్రులకు 'షరహ్' అన్న మాట ఇదే అర్థంలో పరిచితం. కంప్యూటరు ప్రోగ్రాముకు కూడా ఇటువంటి వ్యాఖ్య కలదు. దానికి పండితుడు అక్కరలేదు, ఒక చిన్న ఆదేశం చాలును.

మనం సి భాషలో వ్రాసే మూలపాఠం యంత్రానికి తెలియదు. కంపైలరు దానిని యంత్రాజ్ఞలుగా మార్చిన తర్వాతనే అది నడుస్తుంది. ఆ ఆజ్ఞలను మరల చదవదగిన రూపానికి తెచ్చి, ఏ పంక్తి నుండి ఏవి పుట్టినవో ఆ పంక్తి క్రిందనే చూపే సాధనం గ్నూ వారి ఆబ్జ్‌డంప్.

ముందుగా 'జీసీసీ మైనస్ జీ మైనస్ సీ కొలత.సి' అని ప్రోగ్రామును కంపైలు చేయవలెను. పిమ్మట 'ఆబ్జ్‌డంప్ మైనస్ ఎస్ కొలత.ఓ' అనవలెను. ఈ ఎస్ పెద్ద అక్షరమే కావలెను సుమా! చిన్న ఎస్ వ్రాస్తే వ్యాఖ్య రాదు, ఉత్త హెక్సాడెసిమల్ అంకెల బారులు వస్తాయి. మైనస్ జీ మరచితే ఏ ఆజ్ఞ ఏ పంక్తిదో తెలిపే పట్టిక ఫైలులో చేరదు, అప్పుడు ఆజ్ఞలు మాత్రమే కనబడతాయి. మూలపాఠం ఫైలులో ఉండదు, డిస్కు మీది నుండి అప్పటికప్పుడు చదవబడుతుంది. కాబట్టి కంపైలు చేసిన తర్వాత మూలాన్ని దిద్దితే, పాత ఆజ్ఞలకు కొత్త పంక్తులు అతుక్కొని అపార్థానికి దారి తీస్తాయి.

ఇంత శ్రమ ఎందుకని అడుగవచ్చును. ఒక ఉదాహరణ చూడండి. పూర్ణాంకానికి ఒకటి కూడితే హద్దు దాటునేమో పరీక్షించుటకు, 'ఎక్స్‌కు ఒకటి కూడగా వచ్చినది ఎక్స్ కన్న తక్కువైతే 1, కాకున్న 0 తిరిగి ఇవ్వు' అని ఒక విద్యార్థి వ్రాసినాడనుకొందాం. కాగితం మీద తర్కం నిర్దోషంగానే ఉంది. మైనస్ ఓ2 చేర్చి కంపైలు చేసి ఆబ్జ్‌డంప్‌తో చూడండి: పోల్చే ఆజ్ఞ ఎక్కడా లేదు! ఈఏఎక్స్ రిజిస్టరును సున్న చేయుట, తిరిగి వెళ్లుట, ఈ రెండే మిగిలినవి. గుర్తు గల పూర్ణాంకం హద్దు దాటితే ఏమగునో సి ప్రమాణం నిర్ణయించలేదు. అది జరుగనే జరుగదని భావించే స్వేచ్ఛ కంపైలరుకు కలదు గనుక, పరీక్షనే తీసివేసింది. కాపలా ఉన్నదని నమ్మిన చోట కాపలా లేదన్నమాట. మూలపాఠాన్ని ఎన్నిసార్లు చదివినా ఈ సంగతి బయటపడదు.

మైనస్ ఓ2 వాడినప్పుడు పంక్తుల వరుస కూడ తారుమారై, ఒకే పంక్తి రెండు మూడు చోట్ల కనబడవచ్చును. అది సాధనం దోషం కాదు, కంపైలరు ఆజ్ఞల క్రమాన్ని మార్చినదానికి గుర్తు. తొలిసారి చూచినప్పుడు నేనూ కంగారు పడినాను. క్రొత్తవారు ముందు మైనస్ ఓ2 లేకుండ చూచి, తర్వాత దానితో చూచుట సుఖం.

ఇక పై పరీక్షకు మరమ్మతు: కూడక ముందే ఎక్స్‌ను 2147483647తో పోల్చవలెను. మరల కంపైలు చేసి చూస్తే, ఈ మారు పోల్చే ఆజ్ఞ అక్కడ కనబడుతుంది.