పిల్లలకు ఎక్స్‌రే తీయిస్తున్నారా? పాత ఫిల్మ్ మర్చిపోవద్దు.. ఈ జాగ్రత్తలు తెలుసుకోండి!

రాజోలులో ఓ ఎక్స్‌రే.. అమలాపురంలో మరొకటి.. అక్కడి నుంచి కాకినాడో, రాజమహేంద్రవరమో పంపిస్తే ఇంకొకటి. కోనసీమలో సైకిల్ మీంచి పడి చెయ్యి విరిగిన పిల్లాడికి ఒకే దెబ్బకు మూడు చోట్ల ఎక్స్‌రే తీసే పరిస్థితి రావచ్చు. మరి అన్నీ అవసరమేనా? రేడియేషన్‌తో ముప్పు ఎంత? ఇప్పుడు చూద్దాం.

భయపడాలా?

ఒక్క ఎక్స్‌రేకి భయపడక్కర్లేదు. ఛాతీ ఎక్స్‌రేతో ఒంటికి చేరే రేడియేషన్ దాదాపు 0.1 మిల్లీసీవర్ట్, లేదా అంతకంటే తక్కువ. నేల, గాలి, ఆకాశం నుంచి సహజంగానే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతుంటాయి. సీటీ స్కాన్ సంగతి వేరు. తలకు తీసే సీటీలోనే సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు ఉంటాయి. పిల్లల కణాలు వేగంగా పెరుగుతుంటాయి, వాళ్ల ముందు బోలెడంత జీవితం ఉంటుంది. అందుకే అవసరం లేని డోసు కొంచెమైనా వద్దంటారు నిపుణులు.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

* పాత ఫిల్మ్, సీడీ, రిపోర్టు తేదీతో సహా వెంట తీసుకెళ్లండి. డాక్టర్‌కి ముందే చూపించండి. అయితే కట్టు వేశాక ఎముక సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి మళ్లీ తీయడం అవసరమే.
* "అల్ట్రాసౌండ్ సరిపోతుందా?" అని అడగండి. అందులో రేడియేషన్ ఉండదు.
* పిల్లల సైజుకి తగ్గట్టు మెషీన్ సెట్ చేశారా, దెబ్బ తగిలిన చోటికే తీస్తున్నారా అని టెక్నీషియన్‌ని అడగండి.
* కదిలితే ఫొటో చెడిపోతుంది, మళ్లీ తీయాలి. నొప్పి ఉండదని పిల్లలకు ముందే చెప్పండి.
* బిడ్డను పట్టుకోవాల్సి వస్తే లెడ్ ఏప్రాన్ వేసుకోండి. గర్భిణులు పట్టుకోకూడదు. మిగతావాళ్లు గది బయటే ఉండాలి.

బిడ్డకు ఏప్రాన్ కప్పలేదేంటి?

చాలామందికి వచ్చే డౌట్ ఇది. పొత్తికడుపు దగ్గర లెడ్ కవచం ప్రతిసారీ కప్పాల్సిన పని లేదని అమెరికా మెడికల్ ఫిజిక్స్ నిపుణుల సంఘం 2019లోనే చెప్పింది. ఇప్పటి మెషీన్లలో డోసు బాగా తగ్గింది. పైగా కవచం చూడాల్సిన భాగానికి అడ్డొస్తే మళ్లీ తీయాల్సి వస్తుంది. కాబట్టి కప్పలేదని గొడవ పడొద్దు, కారణం అడగండి చాలు.

సెంటర్‌కి లైసెన్స్ ఉందా?

మన దేశంలో ఎక్స్‌రే మెషీన్ నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ అనుమతి ఉండాలి. 2004 నాటి రేడియేషన్ రక్షణ నిబంధనలు ఇదే చెబుతున్నాయి. అమలాపురమైనా, కొత్తపేటైనా రూల్ ఒక్కటే. గది తలుపు మీద రేడియేషన్ హెచ్చరిక గుర్తు ఉందో లేదో చూడండి. లైసెన్స్ చూపించమని అడగొచ్చు.

ఒక్క మాట.. రేడియేషన్ భయంతో విరిగిన చేతికి నాటు కట్టు కట్టించొద్దు. ఎముక వంకరగా అతికితే ఆ నష్టం ఒక ఎక్స్‌రే కంటే చాలా పెద్దది.