ఇంటి అక్వేరియంకు కాల్షియం: పుదుచ్చేరిలో ఏ పద్ధతి సరిపోతుంది?

పుదుచ్చేరి పట్నం సముద్రం ఒడ్డునే ఉన్నా అక్కడ సహజమైన పగడపు దిబ్బలు లేవు. పెద్ద దిబ్బలు చూడాలంటే తూత్తుకుడి, రామేశ్వరం మధ్య ఉన్న మన్నార్ సింధుశాఖ దాకా వెళ్లాలి. ఆ లోకాన్ని ఇంట్లోనే గాజు తొట్టిలో పెంచాలనుకునేవారికి ఉప్పునీరు, లైట్లు కుదిరాక ఎదురయ్యే ప్రశ్న కాల్షియం. సున్నపు తేట పోయాలా, రెండు సీసాల ద్రావణం వాడాలా, కాల్షియం రియాక్టర్ కొనాలా? విదేశీ గైడ్లలోని జవాబులు ఇక్కడ యథాతథంగా పనికిరావు. అందుకు కారణం మన చట్టం.

దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూల్‌లో చేరాయి. నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు కూడా అందులోనే ఉన్నాయి. పులిని ఉంచిన షెడ్యూల్ కూడా అదే. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు పడొచ్చు. కాల్షియాన్ని గటగటా తాగేసేవి సరిగ్గా ఈ గట్టి పగడాలే. అవి లేని తొట్టిలో మిగిలేవి లెదర్, మష్రూమ్ వంటి మెత్తని రకాలు, నత్తలు, రాళ్ల మీద గులాబీ రంగులో పరుచుకునే కోరలైన్ నాచు. వీటికి కావాల్సింది చాలా తక్కువ.

ఎంత తక్కువో కొలిచి చూసుకోవాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో 5, 10 మిల్లీగ్రాముల తేడాను ఇంట్లో వాడే కిట్ నమ్మకంగా పట్టుకోలేదు. కానీ జీవులు 20 మిల్లీగ్రాముల కాల్షియం వాడుకుంటే ఆల్కలినిటీ 2.8 డిగ్రీలు (డీకేహెచ్) పడిపోతుంది. అందుకే చూడాల్సింది ఆల్కలినిటీని. ఒక వారం ఏమీ కలపకుండా, రోజూ ఒకే వేళకు దాన్ని కొలవాలి. దాదాపు కదలకపోతే వారానికోసారి కొంత నీరు మార్చడమే చాలు, ఏ పరికరమూ అక్కర్లేదు. తగ్గుదల స్పష్టంగా ఉంటే మాత్రం అది సరిపోదు, 10 శాతం నీరు మారిస్తే లోటులో పదో వంతే తీరుతుంది.

బీచ్ నుంచి నీరు తెచ్చుకునేవారికి ఇంకో చిక్కుంది. పుదుచ్చేరికి ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అప్పుడు ఒడ్డు దగ్గర ఉప్పదనం తగ్గుతుంది. లీటరుకు 35 గ్రాములుండే లవణాలు 30కి దిగితే, కాల్షియం కూడా 350 దగ్గరికి పడిపోతుంది.

రియాక్టర్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కార్బన్ డయాక్సైడ్‌తో నీటిని ఆమ్లంగా మార్చి, అరగొనైట్ ముక్కలను కరిగిస్తుంది. గట్టి పగడాలతో నిండిన పెద్ద తొట్టికి అది తగిన యంత్రం. పైగా అందులో నింపే ముక్కలు తరచూ పగడపు అస్థిపంజరాలే కాబట్టి చట్టం మళ్లీ అడ్డొస్తుంది.

రెండు సీసాల పద్ధతిలో ఒకదాంట్లో కాల్షియం క్లోరైడ్, రెండోదాంట్లో వంటసోడా ఉంటాయి. రెండూ ఒకేచోట పోస్తే నీరు తెల్లబడి, వేసిందంతా సుద్దగా మారిపోతుంది. మోతాదు మన చేతిలో ఉండటం దీని సౌకర్యం. చివరికి మిగిలేది మామూలు ఉప్పే కనుక ఉప్పదనాన్ని గమనిస్తుండాలి.

మెత్తని పగడాల తొట్టికి నీటి మార్పు చాలనప్పుడు అందరికంటే చవకైనది సున్నపు తేట. ఊళ్లోని పాత ఫ్రెంచ్ ఇళ్ల గోడలకు పూసిన సున్నమే ఇదీ. లీటరు నీటిలో సుమారు 1.5 గ్రాములే కరుగుతుంది. కాల్షియం, ఆల్కలినిటీ రెండింటినీ జీవులు వాడుకునే నిష్పత్తిలోనే ఇస్తుంది. ఆవిరైనంత నీటికి బదులుగానే దీన్ని పోయగలం, అదే దీని పరిమితి. 200 లీటర్ల తొట్టిలో రోజుకు 3 లీటర్లు ఆవిరైతే, అంతే తేటతో 12 మిల్లీగ్రాముల కాల్షియం, 1.7 డిగ్రీల ఆల్కలినిటీ చేరతాయి. మెత్తని పగడాలకు ఇది మామూలుగా అవసరానికి మించే ఉంటుంది, కాబట్టి పలచన చేసి వాడాలి.

తేట పీహెచ్ 12 దాటుతుంది. ఒక్కసారిగా పోస్తే చేపలు చచ్చిపోతాయి. రాత్రిపూట చుక్కచుక్కగా పడేలా పెట్టాలి. పాన్ షాపు సున్నం వద్దు, ఫుడ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్ తీసుకోవాలి. తీరప్రాంతపు బోర్లలో ఉప్పునీరు చొరబడుతోంది కాబట్టి కలిపేది ఆర్‌ఓ నీరై ఉండాలి. డబ్బాకు మూత తప్పనిసరి. బడిలో సున్నపు నీటిలోకి గొట్టంతో ఊదితే తెల్లబడ్డట్టే, గాలి తగిలితే ఇదీ సుద్దగా మారుతుంది.

ఎండాకాలంలో నీటిని చల్లబరచడానికి ఫ్యాన్ పెడితే ఆవిరి పెరుగుతుంది, తేట కూడా ఎక్కువ పడుతుంది. నవంబరు తేమలో అది తగ్గిపోతుంది. ఆ నెలల్లో ఆల్కలినిటీని వారానికి రెండుసార్లయినా కొలవాలి.