పత్తి చేలో పురుగు లెక్క: గులాబీ రంగు పురుగుపై నిఘా, రైతుకు చేరవలసిన సమాచారం

పత్తి కాయను బయటి నుంచి చూసి, లోపల గులాబీ రంగు పురుగు ఉన్నదీ లేనిదీ చెప్పడం ఎంతో అనుభవం ఉన్న రైతుకు కూడా కష్టమే. గుడ్డు నుంచి బయటపడిన పిల్ల పురుగు ఎక్కువసేపు ఆకుల మీద తిరుగాడదు. త్వరలోనే మొగ్గలోకో, పూవులోకో, లేత కాయలోకో తొలుచుకుని పోతుంది. అది చేసిన సన్నని రంధ్రం కాయ పెరిగేకొద్దీ పూడిపోతుంది. ఆపైన దాదాపు రెండు వారాల పాటు గింజను తింటూ, దూదిని పాడుచేస్తూ కాయ లోపలే ఉంటుంది కనుక పైన చల్లిన మందు దానికి తగలదు. కాయ సరిగా విచ్చుకోక, పసుపు రంగు తిరిగిన దూది కనబడి, నష్టం జరిగిందని రైతు గుర్తించేనాటికి ఆ తరం పురుగు కోశస్థ దశ దాటి రెక్కల పురుగై మరో చెట్టు మీద గుడ్లు పెడుతూ ఉంటుంది. అందువల్ల ఈ పురుగు విషయంలో నష్టాన్ని చూసి కదలడం ఆలస్యంగా కదలడమే అవుతుంది. నష్టం కనబడక ముందే పురుగు రాకను పసిగట్టి, లెక్కించి, ఆ లెక్కను సకాలంలో రైతుకు అందించే పద్ధతినే సస్యరక్షణ శాస్త్రం పంట నిఘాగా వ్యవహరిస్తుంది.

లెక్క లేని పిచికారీల కాలం

తెలుగు ప్రాంతాల్లో ఈ నిఘా అవసరాన్ని రెండు చేదు సందర్భాలు బయటపెట్టాయి. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని తుడిచిపెట్టాయి. 1997–98లో వరంగల్ ప్రాంతంలో పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు అదే పని చేశాయి. రెండు సందర్భాల్లోనూ అప్పుల పాలైన రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. ఆ రోజుల్లో మందు కొట్టకపోవడం వల్ల పంట పోయిందని చెప్పడానికి వీలులేదు, ఎందుకంటే పిచికారీలు ఒకదాని వెంట ఒకటి సాగుతూనే ఉన్నాయి. 1980వ దశకంలో వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను పదే పదే వాడడం వల్ల శనగపచ్చ పురుగు వాటికి తట్టుకునే శక్తిని సంతరించుకున్నది. అదే సమయంలో అక్షింతల పురుగులు, సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగులు వంటి మిత్రజీవులు నశించిపోవడంతో అంతకు ముందు అదుపులో ఉన్న తెల్లదోమకు అడ్డు లేకుండా పోయింది.

ఎప్పుడు మందు కొట్టాలి అనే ప్రశ్నకు శాస్త్రీయమైన జవాబు అప్పటికే ఉన్నది. 1959లో కాలిఫోర్నియాకు చెందిన స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగన్ అనే నలుగురు కీటక శాస్త్రవేత్తలు సమగ్ర సస్యరక్షణకు పునాది వేసిన వ్యాసంలో రెండు భావనలను ప్రతిపాదించారు. పురుగు వల్ల కలిగే నష్టం దాన్ని అదుపు చేయడానికి అయ్యే ఖర్చుతో సమానమయ్యే సంఖ్య ఆర్థిక నష్ట స్థాయి. పురుగు ఆ స్థాయికి చేరక ముందే అడ్డుకోవడానికి రైతు చర్య మొదలుపెట్టవలసిన సంఖ్య దానికి కొంచెం దిగువన ఉండే పరిమితి. ఆ పరిమితి లోపల పురుగు ఉన్నప్పుడు పిచికారీ చేయడం డబ్బు దండగ చేసుకోవడమే కాక మిత్రజీవులను చంపుకోవడం కూడా అవుతుంది. వరిలో సుడిదోమ పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక తర్వాత 20 నుంచి 25 ఉన్నప్పుడే మందు గురించి ఆలోచించాలని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెప్పడంలోని తర్కం ఇదే. ఈ సంఖ్య పక్క పొలం నుంచి తెచ్చుకునేది కాదు కనుక రైతు తన మడిలోకి దిగి, దుబ్బులను వంచి, మొదళ్ల దగ్గర నీటికి పైన గుమిగూడిన పురుగులను లెక్కపెట్టుకోవలసిందే.

బుట్ట చెప్పే సంగతి, కాయ చెప్పే సంగతి

పత్తి కాయలో దాగిన పురుగును ఇలా నేరుగా లెక్కపెట్టడం కుదరదు కనుక శాస్త్రవేత్తలు దాని తల్లిదండ్రులను లెక్కపెట్టే ఉపాయం పట్టారు. ఆడ రెక్కల పురుగు రాత్రివేళ ఒక ప్రత్యేకమైన వాసనను వెలువరించి మగ పురుగును రప్పించుకుంటుంది. ఆ వాసన పదార్థం రసాయన నిర్మాణాన్ని 1973లో కనుగొని దానికి గాసిప్లూర్ అని పేరు పెట్టారు. ప్రయోగశాలలో తయారైన ఈ పదార్థాన్ని చిన్న రబ్బరు బిళ్లకు పట్టించి, కింద పొడవాటి పాలిథిన్ సంచి ఉన్న గరాటు వంటి బుట్టలో అమర్చితే, ఆడ పురుగు ఉన్నదని భ్రమపడి వచ్చిన మగ పురుగులు సంచిలో పడతాయి. వీటినే లింగాకర్షక బుట్టలు అంటారు. నిఘా కోసం హెక్టారుకు 5 బుట్టలు, విత్తిన 45 రోజుల నాటికి, అంటే పైరు మొగ్గ దశలో ఉండగా పెట్టుకోవాలి. బుట్ట పైరు కొనల కంటే అడుగు ఎత్తున ఉండాలి కనుక పైరు పెరిగేకొద్దీ బుట్టను కూడా పైకి జరపాలి. బిళ్లను మూడు నాలుగు వారాలకు ఒకసారి మార్చాలి.

ఉదయాన్నే సంచి మూతి విప్పి లోపల పడిన గోధుమ రంగు చిన్న రెక్కల పురుగులను లెక్కించి, వచ్చిన మొత్తాన్ని బుట్టల సంఖ్యతో భాగించడమే ఇందులో పని. 5 బుట్టల్లో కలిపి 40 పురుగులు పడితే బుట్టకు సగటు 8. వరుసగా మూడు రాత్రులు ఈ సగటు 8కి తగ్గకుండా ఉంటే పురుగు పరిమితిని చేరినట్లు లెక్క. లెక్క తర్వాత సంచిని ఖాళీ చేయకపోతే నిన్నటి పురుగులు నేటి లెక్కలో కలిసిపోతాయి. గట్టి వాన పడినా, ఈదురుగాలి వీచినా, బిళ్ల పాతబడినా పడే పురుగులు తగ్గుతాయి కనుక తక్కువ సంఖ్య వచ్చిన ప్రతిసారీ చేను క్షేమంగా ఉన్నదని అనుకోకూడదు.

బుట్ట మగ పురుగుల రాకను మాత్రమే తెలుపుతుంది. కాయల్లో జరిగిన నష్టాన్ని తెలుసుకోవడానికి మరో రెండు పరీక్షలు అవసరం. మొదటిది పూలను చూడడం. పిల్ల పురుగు పూవు లోపల దారాలు అల్లి రేకులను కలిపివేయడం వల్ల ఆ పూవు విచ్చుకోకుండా ముడుచుకుని గులాబీ మొగ్గలా కనిపిస్తుంది. రైతులు వీటిని గుడ్డిపూలు అంటారు. నూరు పూలలో 10 ఇలా ఉంటే పరిమితి చేరినట్లే. రెండోది కాయలను పగలగొట్టి చూడడం. చేనంతా తిరిగి, ఒక్కో చోట ఒక్కో చెట్టు నుంచి మధ్యస్థంగా ఎదిగిన 20 పచ్చికాయలు కోసి ఒక్కొక్కదాన్ని చీల్చి చూడాలి. లేత పురుగు తెల్లగా, నల్లని తలతో ఉంటుంది. ఎదిగిన పురుగు ఒంటి మీద గులాబీ చారలు ఏర్పడతాయి. పురుగు కంటబడకపోయినా కాయ తొక్క లోపలి గోడ మీద చిన్న బొడిపెలు, సన్నని దారులు ఉంటే అది అక్కడి నుంచే లోపలికి దూరిందని గ్రహించాలి. 20 కాయల్లో రెండింటిలో బతికి ఉన్న పురుగు కనిపిస్తే 10 శాతం లెక్క పూర్తయినట్లే. ఇరవై కాయలు పోతాయని వెనుకాడే రైతు, అవసరం లేని ఒక్క పిచికారీకి అయ్యే ఖర్చును పక్కన పెట్టి చూస్తే ఈ నష్టం ఎంత చిన్నదో తెలుస్తుంది.

బీటీ విత్తనం తర్వాత తిరిగి వచ్చిన అవసరం

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసిన జన్యువు వల్ల ఈ మొక్క తానే కాయ తొలుచు పురుగులకు విషమయ్యే మాంసకృత్తును తయారు చేసుకుంటుంది. 2006లో రెండు జన్యువులున్న రెండో తరం బీటీ వచ్చింది. కాయ తొలుచు పురుగుల బెడద తగ్గడంతో కాయలు కోసి చూసే అలవాటు చేలల్లో సన్నగిల్లింది. అయితే ఇతర పంటల మీద కూడా బతికే శనగపచ్చ పురుగుకు భిన్నంగా గులాబీ రంగు పురుగుకు ప్రధాన ఆహారం పత్తి ఒక్కటే. దేశంలోని పత్తిలో తొంభై శాతానికి పైగా బీటీ కావడంతో ఈ పురుగు తరం వెంట తరం అదే విషాన్ని తింటూ దాన్ని తట్టుకోవడం అలవరచుకున్నది. చేను చుట్టూ బీటీ కాని విత్తనం వేయాలన్న నిబంధన ఉద్దేశం, విషం తగలని పురుగులు అక్కడ పెరిగి, తట్టుకునే పురుగులతో జతకట్టి ఆ గుణాన్ని పలచబరచడం. చాలా చోట్ల ఆ విత్తనం చేలో పడనే లేదు. మొదట గుజరాత్‌లో కనిపించిన ఈ తట్టుకునే శక్తి తర్వాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనూ బయటపడింది. విత్తనమే కాపలా కాస్తుందన్న ధీమా పోయి, బుట్టలూ కాయల పరీక్షా మళ్లీ అవసరమయ్యాయి.

లెక్క రైతుకు చేరే దారి

పరిమితి దాటిన రోజు నుంచి రైతుకు దొరికే వ్యవధి చాలా తక్కువ. తల్లి పురుగు పెట్టిన గుడ్డు నాలుగైదు రోజుల్లో పొదిగి, పిల్ల పురుగు కాయలోకి పోతుంది. ట్రైకోగ్రామా వంటి గుడ్లపై బతికే సూక్ష్మ పరాన్నజీవులను వదలాలన్నా, సిఫారసు చేసిన మందు చల్లాలన్నా ఆ కొద్ది రోజులే అదను. వారం దాటి అందిన హెచ్చరిక ఎంత సరైనదైనా ఆ తరం పురుగు మీద పనిచేయదు. విస్తరణ సేవల వేగానికి ఇంత ప్రాధాన్యం రావడానికి మూలం పురుగు జీవితచక్రంలోనే ఉన్నది.

ఈ సమాచారం నడిచే దారులు తెలుగు రాష్ట్రాల్లో అనేకం. తెలంగాణలో దాదాపు 5,000 ఎకరాలకు ఒక క్లస్టర్ చొప్పున వ్యవసాయ విస్తరణ అధికారి, 2,601 రైతు వేదికలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవి ఇప్పుడు రైతు సేవా కేంద్రాల పేరుతో పనిచేస్తున్నాయి. వాతావరణ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, వాతావరణ ఆధారిత సలహాలు విడుదల చేస్తాయి. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్‌లో రైతు తన భాషలోనే మాట్లాడవచ్చు. 2024 ఆగస్టు 15న కేంద్రం ప్రారంభించిన జాతీయ తెగుళ్ల నిఘా వ్యవస్థ, ఫోనులో తీసిన ఫొటోను కృత్రిమ మేధతో పరిశీలించి పురుగునో తెగులునో గుర్తిస్తుంది. ఆకు మీది పురుగుకు ఇది బాగా పనికివస్తుంది గాని, చీల్చని కాయలో ఏమున్నదో ఏ కెమెరాకూ తెలియదు.

ఇన్ని దారులు ఉన్నా రైతుకు అన్నింటికంటే దగ్గరగా ఉండేది పురుగుమందుల దుకాణం. అది పొద్దస్తమానం తెరిచి ఉంటుంది, అప్పు ఇస్తుంది, అడిగిన వెంటనే ఏదో ఒక డబ్బా చేతిలో పెడుతుంది. అధికారి వేల ఎకరాల్లో తిరుగుతూ ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో చెప్పడం కష్టం. ఈ దూరాన్ని తగ్గించడానికి పనికివచ్చిన పద్ధతుల్లో ముఖ్యమైనది పొలంబడి. ఇండోనేషియాలో విచ్చలవిడి పిచికారీల వల్లనే సుడిదోమ ఉధృతమవుతున్నదని గ్రహించిన ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల మందులను నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో అక్కడ మొదటి రైతు క్షేత్ర పాఠశాలలు వెలిశాయి. అదే పద్ధతి తెలుగు నేల మీద పొలంబడిగా వచ్చింది. రైతులు వారానికి ఒకసారి చేలో గుమిగూడి, శత్రు పురుగులను, మిత్ర పురుగులను విడివిడిగా లెక్కించి, మొక్క బొమ్మ గీసి రెండు పక్కలా వాటిని నమోదు చేసి, ఆ వారం మందు అవసరమా కాదా అన్నది తామే చర్చించి తేల్చుకుంటారు. ఇలా నేర్చుకున్న రైతు అధికారి వచ్చేదాకా ఆగనక్కరలేదు.

ఒక చేను చాలదు

రెక్కల పురుగుకు గట్టు హద్దు కాదు కనుక ఒక్క రైతు లెక్క ఊరి లెక్కతో, ఊరి లెక్క మండలం లెక్కతో కలవాలి. మహారాష్ట్ర 2009లో ప్రారంభించిన పంట తెగుళ్ల నిఘా, సలహా పథకంలో ఎంపిక చేసిన చేలను క్రమం తప్పక పరిశీలించి, ఆ వివరాల ఆధారంగా రైతులకు సలహాలు పంపే పద్ధతిని అనుసరించారు. అమెరికాలో 1917లో టెక్సాస్‌లో తొలిసారి కనిపించిన ఈ పురుగు తమ పత్తి ప్రాంతాల నుంచి పూర్తిగా పోయిందని ఆ దేశ వ్యవసాయ శాఖ 2018లో ప్రకటించింది. బీటీ విత్తనం, లింగాకర్షక పదార్థాలు, వంధ్యీకరించిన రెక్కల పురుగుల విడుదల, పంట అవశేషాల ధ్వంసం అనే నాలుగు పనులను ప్రాంతమంతటా ఒకేసారి, బుట్టల లెక్కను అనుసరించి చేయడం వల్ల అది సాధ్యమైంది. చిన్న కమతాలు లక్షల్లో ఉన్న మన ప్రాంతాల్లో అది యథాతథంగా కుదరకపోయినా, పంటను డిసెంబరు, జనవరి నాటికి ముగించి, పత్తికట్టెను చేలో నిలవ ఉంచకుండా ముక్కలు చేసి నేలలో కలిపివేయడం, జిన్నింగ్ మిల్లుల ఆవరణలో కూడా బుట్టలు పెట్టడం ఊరంతా కలిసి చేయగలిగినవే. కట్టెలో మిగిలిన ఎండు కాయల్లో, నిల్వ ఉన్న గింజల్లో పురుగు నిద్రావస్థలో వేసవి గడిపి మరుసటి తొలకరికి సిద్ధమవుతుంది కనుక పంట చేతికొచ్చాక కూడా నిఘా కొనసాగవలసి ఉంటుంది.

ఈ దృష్టితో చూస్తే రైతుకు పంపే ప్రతి సందేశంలోనూ మూడు అంశాలు తప్పక ఉండాలి: ఏ మండలంలో, ఏ తేదీన చూసిన లెక్క, ఆ లెక్క పరిమితికి ఎంత దూరంలో ఉన్నది, తన చేలో రైతు దేన్ని, ఎన్ని చోట్ల చూసి సరిపోల్చుకోవాలి. పురుగు ఉధృతి ఎక్కువగా ఉన్నది, వెంటనే మందు చల్లండి అని మాత్రమే చెప్పే సందేశం రైతును పొలానికి బదులు దుకాణానికి పంపుతుంది. బుట్టకు సగటున మూడే పడుతున్నాయి, ఈ వారం పిచికారీ అవసరం లేదు అని ధైర్యంగా చెప్పగలిగే సందేశం రైతుకు ఖర్చు మిగులుస్తుంది, మిత్ర పురుగులను కాపాడుతుంది, నిజంగా అవసరమైన వారంలో అదే నోట వచ్చే హెచ్చరికకు విలువ తెస్తుంది.