పోచవరం రేవులో లాంచీ ఎక్కే రోజు

మా రాజంపేటలో గల్ఫ్‌కు విమానమెక్కి వెళ్ళినవారు వీధికి నలుగురైదుగురు ఉంటారు. లాంచీ ఎక్కినవారిని మాత్రం వెదకాలి. కామారెడ్డి జిల్లాలో నీరంటే ఊరి చెరువు, కాకపోతే మంజీర మీది నిజాంసాగర్, లేదా పోచారం జలాశయం. ఆ గట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు ఖాళీ చేసి సాయంత్రానికి ఇల్లు చేరడమే మనకు తెలిసిన జలవిహారం. మా కుటుంబంలో ఓడ ఎక్కిన మనిషి ఒక్కరే, మా వారి తాతగారు. హజ్ యాత్రకు బొంబాయి వెళ్ళి, ముసాఫిర్‌ఖానాలో కొన్నాళ్ళు వేచి ఉండి, జిద్దాకు ఓడలో ప్రయాణించారట. హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి. ఆ తరువాత ఇంట్లో ఎవరికీ నీటి మీద ప్రయాణించే అవసరం రాలేదు.

కిందటి చలికాలం మా అత్తగారు, మేమిద్దరం, పద్నాలుగేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి కలిసి పాపికొండలు చూసి వచ్చాము. వచ్చినప్పటి నుంచి బంధువుల ఇళ్ళలో ఒకటే ప్రశ్న: "అక్కడ ఏముంటుంది? బుర్ఖాతో ఎక్కవచ్చునా? నమాజు ఎలా?" కొండల అందం గురించి అడిగినవారు తక్కువ. అందుకే ఇక్కడ కొండల కన్నా రేవు గురించే ఎక్కువ రాస్తున్నాను.

పాపికొండల యాత్రకు రెండు వైపుల నుంచి దారి ఉంది. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చేవారు గండిపోచమ్మ రేవులో ఎక్కుతారు. తెలంగాణ నుంచి వెళ్ళేవారు సాధారణంగా భద్రాచలం మీదుగా పోచవరం చేరుకుంటారు. మనవారు కామారెడ్డి నుంచి సికింద్రాబాదు చేరి, అక్కడ రాత్రి రైలు అందుకుంటే తెల్లవారేసరికి కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషనులో దిగుతారు. పేరు చూసి భద్రాచలమే వచ్చిందనుకోకూడదు. ఊరు అక్కడికి ఇంకా నలభై కిలోమీటర్లు. భద్రాచలం దాటగానే ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. 2014లో అటు కలిసిన మండలాలవి. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం మీదుగా పోచవరం చేరడానికి జీపులో రెండు గంటలు పడుతుంది.

మేము చేసిన పొరపాటు ఇక్కడే జరిగింది. రైలు దిగిన రోజే లాంచీ ఎక్కాలనుకున్నాము. ఫజ్ర్ నమాజు స్టేషనులో చేసుకుని, బస్సు పట్టుకుని, జీపు మాట్లాడుకుని, పరుగు పరుగున రేవుకు చేరేసరికి అందరూ అలసిపోయారు. బాబుకు కడుపులో తిప్పింది. అలసట కన్నా తొందర చెడ్డది. తొందరలో ఉన్నవాడు చేతికి ఏది ఇస్తే అది పుచ్చుకుంటాడు, ఎక్కమన్న చోట ఎక్కుతాడు, ప్రశ్న అడగడు. మీరు వెళ్ళేటట్లయితే ముందు రాత్రి భద్రాచలంలో బస చేయండి. ఒక రాత్రి గది అద్దె దండగ కాదు. వరద రోజుల్లో ఈ యాత్ర సాగదు, నీరు శాంతించాకే, చాలా ఏళ్ళలో నవంబరు ప్రాంతంలో మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి ఇంట్లో తేదీ ఖాయం చేసుకునే ముందు లాంచీలు తిరుగుతున్నాయో లేదో విచారించుకోవాలి.

రేవులో మొదట జరిగేది పేర్ల నమోదు. పెద్దలు, పిల్లలు అందరి పేర్లూ, ఒకరి ఫోన్ నంబరూ రాసుకుంటారు. ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. చంకలో పిల్లవాడి పేరు రాయకపోయినా ఫర్వాలేదని కొందరు వదిలేస్తారు. వదలవద్దు. ఆ జాబితా టిక్కెట్టు లెక్క కోసం మాత్రమే కాదు. ఎందుకో కొంత ముందుకు వెళ్ళాక మీకే తెలుస్తుంది.

తరువాత లైఫ్ జాకెట్లు. కాషాయరంగు జాకెట్ల కుప్పలోంచి ఒక్కొక్కటి తీసి అందిస్తారు. మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ బొంత నాకెందుకు బేటా, అల్లాహ్ ఉన్నాడు కదా" అన్నారు.

"నూహ్ అలైహిస్సలాంకు కూడా అల్లాహ్ ఉన్నాడు అమ్మీ. అయినా ఓడ కట్టమనే కదా ఆదేశం వచ్చింది" అన్నారు మా వారు.

"నాకే పాఠం చెప్పేంతవాడివయ్యావు" అని ఆమె నవ్వారు గానీ జాకెట్ వేసుకోలేదు. నన్ను పక్కకు పిలిచి చెవిలో అసలు సంగతి చెప్పారు. బుర్ఖా మీద ఈ పట్టీలు బిగిస్తే ఒంటి ఆకారం తెలుస్తుందని ఆమె సంకోచం. ఇంతమంది పరాయి మగవాళ్ళ మధ్య, అందులోనూ కొడుకు ముందు, ఆ మాట ఎలా అంటారు? అందుకే దైవం మీద భారం వేసినట్లు మాట్లాడారు.

ఈ సంకోచం మా అత్తగారిది మాత్రమే కాదని నా నమ్మకం. లాంచీలో మన స్త్రీలు జాకెట్‌ను ఒడిలో పెట్టుకుని కూర్చుంటారు, లేదా వేసుకుని పట్టీలు వదిలేస్తారు. అడిగితే ఉక్కగా ఉందంటారు. కనుక ఈ మాట ఇంట్లోనే, బయలుదేరకముందే మాట్లాడుకోవడం మేలు. నేను ఆమెకు చెప్పింది ఇది: జాకెట్ దళసరిది, ముందూ వెనుకా పలకలా నిలబడుతుంది. సరిగా వేసుకుంటే ఆకారాన్ని అదే కప్పేస్తుంది, పలుచని దుపట్టా కప్పలేనంతగా. లోపల వదులైన పెద్ద ఖిమార్ ఉంటే ఇక చింతే లేదు. జాకెట్ మీద మాత్రం శాలువా గాని చాదర్ గాని కప్పుకోకూడదు. అవసరమైనప్పుడు ఎవరైనా పట్టుకుని లాగడానికి జాకెట్టే అన్నిటికన్నా పైన ఉండాలి. నేల మీద జీరాడే పొడుగు బుర్ఖా ఆ రోజుకు వద్దు. చీలమండ దాకా ఉండేది చాలు. ఎత్తు మడమల చెప్పులు బదులు పట్టీ ఉన్న చదునైన చెప్పులు వేసుకోవాలి.

ఆమె ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఆమె చేసిన పనే మా అందరికీ మేలు చేసింది. ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టిన చేతులవి. దారం ఎక్కడ వదులైందో వేళ్ళతోనే తెలుసుకుంటారు. తన జాకెట్ కట్టుకుని, మనుమరాలి జాకెట్ సర్దుతూ, "దీనికి కొక్కెం లేదు" అన్నారు. చూస్తే నిజమే. మధ్య పట్టీ ఉంది, దాన్ని బిగించే కొక్కెం విరిగిపోయింది. నేను మార్చి ఇమ్మని అడిగాను. జాకెట్లు ఇస్తున్న అబ్బాయి, "ఏం కాదమ్మా, ముడి వేసుకోండి, లాంచీ కదులుతుంది" అన్నాడు. మా వెనుక వరుస పెరిగింది. ఎవరో విసుక్కున్నారు. నాకు సిగ్గనిపించి, సరే పోనీ అనబోయాను. మా అత్తగారు మాత్రం కదలలేదు. "ముడి నాకూ వచ్చు బాబూ, కానీ తడిస్తే జారే ముడా, జారని ముడా అనేది నీటిలో పడ్డాక చూడాలా?" అన్నారు. ఆ అబ్బాయి ఆమె వైపు ఒకసారి చూసి, కుప్ప అడుగు నుంచి మరొకటి తీసి ఇచ్చాడు. మహా అయితే మూడు నిమిషాలు ఆలస్యమైంది.

జాకెట్ బిగుతు చూసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటి ఉంది. అన్ని కొక్కేలూ పెట్టాక, మరొకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్లు. పిల్లవాడికి పెద్దవాళ్ళ జాకెట్ తొడగడం వల్ల ప్రయోజనం లేదు, నీటిలో జాకెట్ పైకి తేలుతుంది, పిల్లవాడు కిందికి జారిపోతాడు. పిల్లల కొలత దొరకకపోతే ఆ లాంచీ ఎక్కవద్దనే నా అభిప్రాయం. డబ్బు పోతుందంటారా, పోనివ్వండి.

ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండిపోచమ్మ రేవు నుంచి బయలుదేరిన రాయల్ వశిష్ట అనే బోటు దేవీపట్నం ఎగువన కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఆ రోజు గోదావరిలో వరద ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా ఉంది. బోటులో 77 మంది ఉండగా ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. జాకెట్లు బోటులో ఉన్నా చాలామంది ఒంటి మీద లేవు. చుట్టుపక్కల గ్రామాల గిరిజనులు తమ పడవలేసుకుని వెళ్ళి చేతికందినవారినల్లా పైకి లాగారు. వరంగల్, హైదరాబాదు నుంచి వెళ్ళినవారు ఎందరో తిరిగి రాలేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును బయటికి తీసింది అక్టోబరు 22న. అంటే ముప్పై ఏడు రోజులు కొన్ని కుటుంబాలు ఏటి ఒడ్డున జనాజా కోసమో, అంత్యక్రియల కోసమో, కనీసం ఒక ఆనవాలు కోసమో ఎదురు చూశాయి. లోపల ఎవరెవరు ఉన్నారో తెలియాలన్నా పేర్ల జాబితాయే ఆధారం. ఆ ఘటన తరువాత ప్రభుత్వం రేవుల దగ్గర నియంత్రణ గదులు ఏర్పాటు చేసింది. వాటి పని అవి చేస్తాయి, మన కొక్కెం మనం చూసుకోవాలి.

జాకెట్ల తరువాత గట్టుకూ లాంచీకీ మధ్య వేసిన బల్ల దాటడం ఉంటుంది. చూడటానికి నాలుగడుగులే, వృద్ధులకు అదే పెద్ద ఘట్టం. లాంచీ వాళ్ళు చేయి అందిస్తారు. పరాయి మగవాడి చేయి పట్టుకోవడం ఇష్టంలేని పెద్దావిడ ఒంటరిగా దాటబోయి తూలే ప్రమాదం ఉంది. కొడుకో మనుమడో ముందు ఎక్కి చేయి అందించాలి, కోడలో కూతురో వెనుక ఉండాలి. చేతుల్లో సంచులు ఉండకూడదు, అవి తరువాత వస్తాయి. బుర్ఖా అంచు ఒక చేత్తో పైకి పట్టుకోవాలి. ఇవన్నీ వరుసలో నిలబడే ముందే అనుకుంటే అక్కడ గందరగోళం ఉండదు.

బల్ల దాటేటప్పుడు మా అత్తగారు నూహ్ ప్రవక్త ఓడ ఎక్కేటప్పటి దుఆ చదివారు. దివ్య ఖుర్ఆన్ హూద్ సూరా 41వ ఆయత్‌లో ఉంది అది. వాహనాల దుఆ జుఖ్రుఫ్ సూరా 13, 14 ఆయత్‌లలో ఉంది. బస్సులో, విమానంలో మనం చదివేది ఇదే, అయితే దాని ముందు ఆయత్‌లోనే ఓడల ప్రస్తావన ఉందని మా అమ్మాయి ఆ రోజే గమనించింది. పిల్లలకు ఈ రెండూ ముందు వారం నుంచే నేర్పించండి.

ఎక్కాక కూర్చునే చోటు కూడా ఆలోచించే ఎంచుకోవాలి. పై అంతస్తులో పాటల హోరు, ఆటలు ఉంటాయి. మేము కింది అంతస్తులో, తలుపు పక్కన, గాలి ఆడే చోట కూర్చున్నాము. తలుపులు మూసిన ఏసీ గది లోపలి మూల కన్నా అదే మంచిది. బయటికి వెళ్ళే దారులు ఎక్కడున్నాయో పిల్లలతో లెక్కపెట్టించండి, ఆటలాగే ఉంటుంది వాళ్ళకు. "అటు చూడండి" అని మైకులో చెప్పినప్పుడల్లా అందరూ ఒక పక్కకు ఒరిగితే సరంగు కేకలేస్తాడు. ఆయన కేకలు వినాలి.

జుహర్ లాంచీలోనే వస్తుంది. రాజంపేట నుంచి ఇంత దూరం వచ్చినవారు ముసాఫిర్లే కాబట్టి నాలుగు రకాతులకు బదులు రెండు. వుజూ కోసం ఏటి నీరు ముట్టుకోవాలని అంచు మీదికి వంగవద్దు. ఆ ఉబలాటంతో మా బాబు ఇంచుమించు సగం బయటికి వాలాడు. డ్రమ్ములోని నీళ్ళు ఒక లోటాలో తెచ్చుకుంటే చాలు, లేదా రేవులోనే వుజూ చేసుకుని నిలుపుకోవాలి. ఖిబ్లా కొంచెం ఉత్తరానికి వాలిన పడమర. నది మలుపు తిరిగినప్పుడల్లా లాంచీ ముఖం మారుతుంది, వీలైనంత వరకు నమాజులోనే ఖిబ్లా వైపు తిరగాలని మా ఇమాము గారు చెప్పి పంపారు. తూలిపడే భయం ఉన్నవారు కూర్చుని చేయవచ్చునన్నారు. ఈ వివరాల్లో ధర్మవేత్తల మధ్య కొంత భేదం ఉంది, మీ మస్జిద్‌లో ముందే అడిగి వెళ్ళండి. మా వారూ అమ్మాయీ నిలబడి చేశారు, అత్తగారూ నేనూ కూర్చుని.

భోజనం లాంచీలోనే పెడతారు. మాకు దొరికింది శాకాహారం కనుక సందేహం లేకపోయింది. దిగిన చోట గట్టు మీద బొంగు చికెన్ వాసనకు పిల్లల కాళ్ళు ఆగిపోయాయి. కోసిందెవరని అడిగితే అమ్మేవాడు నిజాయితీగా తెలియదన్నాడు. ముందుకు కదిలాము. పేరంటాలపల్లిలో లాంచీ ఆగితే చాలామంది గుడికి వెళ్ళారు. మేము కొండరెడ్ల స్త్రీలు అమ్మే వెదురు బుట్టల దగ్గర గడిపి రెండు కొన్నాము. ఇక కొండల మధ్య గోదావరి ఇరుకై నల్లగా, చప్పుడు లేకుండా సాగే చోటు... అక్కడ మైకు కూడా కాసేపు ఆగిపోయింది. పోలవరం ఆనకట్ట పూర్తిగా నిండితే ఈ ఒడ్డులూ రేవులూ ఇలాగే ఉండవు. చూడాలనుకున్నవారు ఆలస్యం చేయకపోవడం మంచిది.

భోజనాల వేళ చాలామంది జాకెట్లు విప్పి కుర్చీలకు తగిలించారు. మా అత్తగారు విప్పలేదు, మమ్మల్నీ విప్పనివ్వలేదు. పొద్దున వద్దన్న మనిషి ఆమే.

సాయంత్రం పోచవరం చేరేసరికి అస్ర్ వేళ అయింది. బల్ల దాటి ఇసుకలో చాదర్ పరచి నమాజు చేసుకున్నాము. తరువాత మా అత్తగారు జాకెట్లన్నీ మడిచి, పొద్దుటి అబ్బాయిని వెదికి మరీ అప్పగించారు. కొక్కెం లేని ఆ జాకెట్ ఇంకా కుప్ప పైనే ఉంది. "దీన్ని వేరే పెట్టు బేటా, రేపు ఏ పాపకు ఇస్తావో" అన్నారు. వాడు దాన్ని తీసి, తన మోటార్‌సైకిలు హాండిలుకు తగిలించుకున్నాడు.