బంగాళాదుంప సలాడ్‌లో వాము

బంగాళాదుంప సలాడ్ అనగానే చాలామందికి మయోనీజ్ గుర్తొస్తుంది. ముక్కలకు తెల్లగా పట్టిన ఆ పూత లేకపోతే అది సలాడే కాదనుకుంటారు. దక్షిణ జర్మనీలోని శ్వేబియా ప్రాంతం వాళ్లు మాత్రం మయోనీజ్ జోలికి పోరు. వేడి దుంప ముక్కల మీద వేడి మాంసం చారు, వెనిగర్, నూనె పోసి కలుపుతారు. దుంప వేడిగా ఉన్నప్పుడే రుచి లోపలికి దిగుతుంది. ఆ పద్ధతి ఒక్కటే అక్కణ్నుంచి తెచ్చుకుని, మసాలాగా మన వాము వేసి చూడమని నా మాట.

వామే ఎందుకంటే, దాని ఘాటుకు మూలం థైమాల్ అనే పదార్థం. యూరప్ వాళ్లు బంగాళాదుంపల మీద చల్లుకునే థైమ్ ఆకులోనూ అదే ఉంటుంది, పేరు కూడా ఆ ఆకు మీదనే వచ్చింది. కాబట్టి ఈ జోడీ కొత్తగా కనిపించినా వింతేమీ కాదు. వాము వేసిన శనగపిండిలో ముంచి తీసిన ఆలూ బజ్జీ తిన్నవాళ్లంతా దీని రుచి చూసినవాళ్లే. పెరట్లో కుండీలో పెంచే వామాకు మాత్రం వేరే మొక్క. వాసన దగ్గరగా ఉంటుందంతే. ఇక్కడ కావలసింది గింజ.

దుంపలు అరకిలో తీసుకోండి. పలుచటి తొక్క ఉన్న కొత్త దుంపలైతే ముక్క నిలుస్తుంది. బాగా నిలవ ఉన్నవి పిండిపిండిగా విడిపోతాయి, వాటిని వేపుడుకో కూరకో ఉంచుకోండి. కుక్కర్ వద్దు. ఒక్క విజిల్ ఎక్కువైనా తొక్క పగిలి, నీళ్లు పీల్చుకుని, సలాడ్ కాస్తా ముద్దవుతుంది. తొక్కతోనే గిన్నెలో వేసి, మునిగేదాకా చన్నీళ్లు పోసి, ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే పైభాగం చితికినా మధ్యలో పచ్చి మిగులుతుంది. చన్నీళ్లతో మొదలుపెడితే వేడి నెమ్మదిగా లోపలిదాకా చేరుతుంది. చాకు మొన ఆగకుండా దిగితే ఉడికినట్టే.

అసలు పని ఇప్పుడే. చేయి ఓర్చుకోగలిగినంత వేడిలోనే తొక్క తీసి, ముక్కలు కోసి, ఉప్పు, ఒక చెక్క నిమ్మరసం చల్లండి. రసం గిన్నె అడుగుకు జారదు, చూస్తుండగానే ముక్కల్లోకి ఇంకిపోతుంది. నిమ్మరసం పులుపు ముక్క బిగువుగా ఉండటానికీ సాయపడుతుంది. నూనె మాత్రం ముందు పోయకండి. అది ముక్క చుట్టూ పొరలా పట్టేసి పులుపును లోపలికి పోనివ్వదు.

ఆ తర్వాత వాము. అర టీస్పూన్ గింజల్ని అరచేతిలో పోసుకుని రెండో చేత్తో గట్టిగా నలపండి. సన్నటి గీతలున్న ఆ గింజ పైపొర చిట్లగానే ఘాటు ముక్కుకు తగులుతుంది. థైమాల్ నీళ్లలో పెద్దగా కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. అందుకే గింజల్ని ముక్కల మీద ఊరికే చల్లితే పంటి కింద పడినచోట ఘాటు, మిగతా చోట చప్పన. రెండు చెంచాల వేరుశనగ నూనె వేడిచేసి, పొయ్యి ఆర్పి, అప్పుడు వాము వేయండి. పొయ్యి మీదే ఉంచితే మాడి చేదెక్కుతుంది. ఆ నూనె ముక్కల మీద పోసి, గరిటెతో చితక్కుండా, గిన్నెనే ఎగరేసి కలపండి.

సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర ఎవరి ఇష్టం వాళ్లది. పెరుగు కావాలంటే గుడ్డలో కట్టి నీరు వడకట్టి, దుంపలు పూర్తిగా చల్లారాకే కలపండి. వేడి మీద కలిపితే విరుగుతుంది.

మొదటిసారి చేసేవాళ్లు వాము పావు టీస్పూన్‌తోనే మొదలుపెట్టండి. చాలదనిపిస్తే ఇంకో చెంచా వాము నూనె కాచి పోసుకోవచ్చు, ఎక్కువైతే తీయడానికి దారి లేదు. పెరుగు కలిపిన సలాడ్‌ని మన ఎండల్లో గంటకు మించి బయట ఉంచకండి.